ఉల్టా ఎర్తింగు

మా కారు గురించి ఎవరు అడిగినా నేను ముందు ఒక సంగతి చెబుతాను. నిజాం జమానాలో ఒక జాగీర్దారు దీన్ని విలాయత్ నుంచి ఓడలో తెప్పించుకున్నాడనీ, కరీంనగర్ గడ్డ మీద మొట్టమొదట హారన్ కొట్టిన మోటారు ఇదేననీ. వినేవాళ్లు నోరు తెరుస్తారు. కాగితం మీద రాసేటప్పుడు మాత్రం అంత ధైర్యం చాలడం లేదు. జాగీర్దారూ లేడు, ఓడా లేదు. లక్షెట్టిపేట అవతల ఒక టేకు డిపో మేనేజరు వాడిన పాత ఇంగ్లీషు బండి ఇది. ఆయన కాలం చేశాక కలప షెడ్డులో పడి ఉండింది. నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. ఆ డిపోకు లైను లాగిన పరిచయం ఉండేది. నేను రిటైరైన ఏడాది వాళ్ల ఇంటివాళ్లు పిలిచి, "జర తీసుకపో కాకా, షెడ్డుల జాగన్న ఖాళీ అయితది" అన్నారు. ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని వచ్చాను. వెనక సీటు కింద ఒక కోడి పొదుగుతూ ఉండింది. బండిని ట్రాలీ ఎక్కించడం కన్నా కోడిని దింపడం కష్టమైంది. కోడి సంగతి నిజం.

ఇంజను పని ఒక మెకానిక్కు చేశాడు. నేనే చేశానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, నేను చేసింది టార్చి పట్టుకోవడం. మిగిలింది కరెంటు పని. బండిలోని తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి. హారన్ లేదు, లైట్లు లేవు. పక్కకు తిరిగేటప్పుడు సైగ చేసేందుకు ఈ బండికి మెరిసే లైట్లు ఉండవు, తలుపుల పక్క స్తంభాల్లోంచి అరచేయంత ఎర్రని రెక్కలు లేస్తాయి. అవి తుప్పు పట్టి లోపలే ముడుచుకుని ఉన్నాయి.

బండి ఇంటికి వచ్చిన నాటి నుంచి నేను దాని కిందే ఉంటున్నానని నా భార్య అనేది. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎవరైనా ఇంటికి వచ్చి "లైన్‌మన్ సారు ఉన్నడా?" అని అడిగితే, "మొత్తం లేడు. బండి కింద రెండు కాళ్లున్నయ్, మాట్లాడుకోరి" అని చెప్పేది.

అలాంటి రోజుల్లో బైపాస్ రోడ్డు మీద కొత్తగా హోటల్ కట్టిన ఒక పిల్లగాడు మా గేటు ముందు ఆగాడు. బండిని చూసి వాడి కళ్లు చెదిరాయి. హోటల్ ముందు సిమెంటు గద్దె కట్టించి, దాని మీద ఈ బండిని నిలబెట్టి, రంగురంగుల లైట్లు చుడతాడట. బిర్యానీ తిన్నవాళ్లు బయటికొచ్చి దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారట.

"ఇంజను సుత అక్కర్లే కాకా. తీసి పక్కన పెట్టుకో. నాకు పైన డొప్ప చాలు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నడిచే బండిని గద్దె ఎక్కిస్తానంటాడేమిటి! పొమ్మన్నాను. వాడు పోయాడు గానీ వంటింటి వైపు పోయాడు. మా ఇంట్లో ఏ సంగతి ఎక్కడ తెగుతుందో బిర్యానీ అమ్ముకునేవాడికి కూడా తెలిసిపోయింది.

ఆ సాయంత్రం నా భార్య తీర్పు చెప్పింది.

"మా అక్క కాడ చర్చిల కోతల పండుగ ఉన్నది. నన్ను గా బండిల జన్నారం తోల్కపో. హారన్ మోగాలె. తిరిగేకాడ రెక్క లేవాలె. నాకు గాలి రావాలె. పాట రావాలె. ఇక్కడ మొదలుపెట్టిన పాట అక్క ఇంటి ముందట దిగేదాక ఆగొద్దు. గిట్ల తీసుకపోతివా, బండి నీది. నేను మళ్ల ఒక్క మాట అన. నడుమల ఏది ఆగినా తెల్లారి గా పిల్లగాడు వచ్చి గుంజుకపోతడు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న."

"యేసయ్య సాక్షిగ?"

"నువ్వు యేసయ్యను బండి పంచాయతిలకు గుంజకు. ఒప్పుకున్న అన్న గదా."

ఒప్పుకోక ఏం చేస్తాను? పదకొండు వేల వోల్టుల తీగను ఉత్త చేతులతో పట్టుకుని స్తంభం మీద వేలాడిన మనిషిని. బండిలో ఉండేది పన్నెండు వోల్టులు. పన్నెండు! మా ఆఫీసులో అలాంటి కరెంటును కరెంటని కూడా అనం.

ఆ పదకొండు వేల మాట కొంచెం సవరించాలి. పట్టుకున్నది నిజమే గానీ అందులో అప్పుడు కరెంటు లేదు. ఉన్నప్పుడు పట్టుకున్నవాళ్లెవరూ తర్వాత కూర్చుని ఇలా రాసుకోరు. లైను మీద చెయ్యి వేసే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించాలి. దాన్ని మా వాళ్లు ఎల్‌సీ తీసుకోవడం అంటారు. పని ముగించి కిందికి దిగాక ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తే వాళ్లు కరెంటు వదులుతారు. నా సర్వీసంతా ఈ ఒక్క అలవాటే నన్ను బతికించింది. అందుకే బండి పనికి కూడా ఎల్‌సీ పద్ధతే పెట్టాను. బానెట్ తెరిచి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి నా భార్యను కూర్చోబెట్టాను. ఆమే సబ్‌స్టేషన్. ఒళ్లో చాటలో వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చునేది. నేను డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని అరిచేవాణ్ణి.

"ఎల్‌సీ ఇయ్యి!"

ఆమె బ్యాటరీ మీద నుంచి లావు పట్టీని ఊడదీసేది. "ఇచ్చిన!"

పని అయ్యాక నేను, "ఎల్‌సీ వాపస్!" అనేవాణ్ణి. ఆమె పట్టీ తిరిగి పెట్టేది. ఒక్కోసారి నేను ఇంకా తీగ చుడుతుండగానే, "సబ్‌స్టేషన్‌ల బియ్యం ఎసరు మీదున్నయ్, జల్ది లైను వాపస్ ఇయ్యి" అని కేక వచ్చేది.

బ్యాటరీ గుర్తులకు ఆమె పేర్లు ఆమెవే. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్లు పోసేటప్పటి నుంచీ ప్లస్సును సిలువ అనేది, మైనస్సును గీత అనేది. నేనెంత దిద్దినా మారలేదు. చివరికి నేనే మారి, దుకాణానికి పోయి "సిలువ దిక్కు క్లాంపు ఒకటి ఇయ్యి" అని అడిగి నవ్వులపాలయ్యాను.

మొదటిరోజు హారన్ పెట్టాను. మొదటి నొక్కుకే అది ఎంత గట్టిగా మోగిందంటే మానేరు డ్యాం మీద కొంగలన్నీ లేచిపోయాయి. పోనీ, లేవలేదు. డ్యాం మా ఇంటికి చాలా దూరం. ఎదురింటి ముసలాయన మంచం మీద నుంచి లేచాడు, అంతే. కానీ లేచిన మనిషి మళ్లీ పడుకోకుండా గోడ దగ్గరికి వచ్చి, "ఇంకొకపారి కొట్టు" అన్నాడు. ఇంకోసారి కొట్టాను. ఆయన కొట్టమంటూ, నేను కొడుతూ, చివరికి నా భార్య పట్టీ ఊడదీసేదాకా సాగింది.

తర్వాత రెక్కలు. తుప్పు గీకి, నూనె పోసి, తీగ కలిపి మీట తిప్పాను. కుడి వైపు రెక్క టక్కున లేచి నిలబడింది, క్లాసులో జవాబు తెలిసిన పిల్ల చెయ్యెత్తినట్టు. నేను మీటను కుడికీ ఎడమకూ తిప్పుతుంటే రెండు రెక్కలూ మార్చి మార్చి లేచాయి. నా భార్య చాట పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. కొట్టిన వెంటనే తాను ఏ పక్షమో గుర్తొచ్చి ఆపేసింది.

"గింతకే సంబురపడకు. గాలి, పాట ఉన్నయ్ ఇంక" అంది.

గాలి దగ్గరే మొదటి తిరకాసు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న ఫ్యాను తెచ్చాను. ఎర్ర తీగను కరెంటుకు, నల్ల తీగను బండి బాడీకి కలిపాను. ఫ్యాను గిర్రున తిరిగింది గానీ ముందుకు గాలి రాదు. ముఖం దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. వెనక చెయ్యి పెడితే అక్కడ హాయిగా వీస్తోంది. దొంగ మాలు అంటగట్టాడని దుకాణపువాణ్ణి తిట్టుకున్నాను. మళ్లీ దుకాణానికి ఎవడు పోతాడని, ఫ్యానును మొత్తంగా వెనక్కి తిప్పి బిగించాను. ముఖం అద్దం వైపు, వీపు మనిషి వైపు. ఇప్పుడు గాలి వస్తోంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నా భార్య వచ్చి సీట్లో కూర్చుని చూసింది.

"గిదేంది? ఫ్యాను గా దిక్కు తిరిగి కూసున్నది? నా మీద అలిగిందా?"

"కొత్త మోడల్. గట్లనే ఉంటది."

ఆమె ఒకసారి ఫ్యాను వంక, ఒకసారి బానెట్ వంక చూసి లేచిపోయింది. ఆ చూపుకే నేను జాగ్రత్తపడాల్సింది.

ఎందుకు జాగ్రత్తపడలేదో చెప్పాలంటే ఎర్తింగు గురించి చెప్పాలి. లైన్‌మన్‌కు భూమి అంటే కరెంటు చచ్చే చోటు. గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, పట్టీ దించి, నీళ్లు పోస్తాం. దారి తప్పిన కరెంటు ఎంతటిదైనా అందులోకి దిగి నోరు మూసుకుంటుంది. బండికి అలాంటి గుంత ఉండదు కాబట్టి దాని ఇనుప ఒళ్లే దానికి భూమి. కనుక నల్ల తీగ, అంటే మైనస్సు, బాడీకి పోవాలి. ఇందులో ఆలోచించేది ఏముంది? సూర్యుడు ఏ దిక్కున పొడుస్తాడని కిటికీలోంచి చూస్తామా?

అప్పటికీ ఒక ఇంగ్లీషాయన హెచ్చరించాడు. ఇలాంటి బండే ఉన్న ఒకాయన వీడియోలు ఫోన్‌లో వస్తుంటే చూసేవాణ్ణి. ఆయన మాట నాకు ఒక్క ముక్క అర్థం కాదు, చేతులు మాత్రం చూస్తాను. ఒకరోజు ఆయన ఎర్ర తీగను తీసుకెళ్లి బండి బాడీకి బిగించాడు. నేను వీడియో ఆపి నా భార్యను పిలిచాను.

"చూసినవా? తెల్లోడే గని వైరింగ్ రాదు. ఎర్రది తీసుకపోయి బాడీకి కొడుతుండు."

"ఆయన బండి నడుస్తుందా?"

"నడుస్తుంది."

"నీది?"

ఆ ఇంగ్లీషాయనకు నేను తప్పు దిద్దుతూ ఇంగ్లీషులో రాశాననీ, ఆయన ధన్యవాదాలు చెబుతూ జవాబిచ్చాడనీ మా చర్చి పెద్దలతో అన్నాను. నేను చేసింది బొటనవేలు కిందికి ఉన్న గుర్తు నొక్కడం.

ఇక పాట. పెన్‌డ్రైవ్ పెట్టుకునే డెక్కు ఒకటి తెచ్చాను, స్పీకరు దాని లోపలే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నిండా ఆమె కోరిన కీర్తనలు, వాటి వెనక ఎవరికీ చెప్పకుండా నేను కోరిన సినిమా పాటలు. ఎర్ర తీగ కరెంటుకు, నల్ల తీగ బాడీకి. "ఎల్‌సీ వాపస్!" అన్నాను. ఆమె పట్టీ పెట్టింది. డెక్కులోంచి ఇంటి కప్పు దాకా మంట లేచింది.

కప్పు దాకా కాదు. మంట కూడా కాదు. ఊదుబత్తి అంత పొగ, సన్నగా, వంకర్లు తిరుగుతూ. కానీ ఆ వాసన ఉంది చూడండి, కాలిన కొత్త సామాను వాసన, అది మనిషి కడుపులోకి పోతుంది. ఒక్క పాట పాడకుండానే డెక్కు పోయింది.

దుకాణానికి తీసుకుపోతే దుకాణపువాడు వాసన చూసి నా వంక చూశాడు. "ఉల్టా కొట్టినవ్ కాకా."

"ఎవరికి చెప్తున్నవ్ తమ్మీ? నేను కరెంటాఫీసుల చేసిన."

"గందుకే అంటున్న" అన్నాడు వాడు.

వాడితో తగువు పెట్టుకుని, ఇంకో డెక్కు తీసుకుని, ఉడికిపోతూ ఇంటికి వచ్చాను. వచ్చేసరికి హోటల్ పిల్లగాడు మా ఇంటి ముందు ఉన్నాడు. టేపు పట్టుకుని బండి పొడవు కొలుస్తున్నాడు. గద్దె కట్టే మేస్త్రీ కొలతలు అడిగాడట. నా భార్య వాడికి టేపు రెండో కొస పట్టుకుని ఉంది.

"పండుగ ఇంక రానే లేదు" అన్నాను.

"కొలిస్తే ఏం పోతది కాకా" అన్నాడు వాడు నవ్వుతూ. బండి ముక్కు మీద చెయ్యి వేసి తట్టాడు, అప్పుడే తనదైనట్టు. ఆ తట్టడం నా ఒంటి మీద పడింది. వాడు పోయాక నేను కొత్త డెక్కు పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద దూరాను. ఈ డెక్కు కూడా కాలితే ఇక మూడోది తెచ్చే ముఖం లేదు. బండి బిర్యానీ హోటల్ గద్దె ఎక్కుతుంది, చక్రాలు కూడా సిమెంటులో పాతుతారు.

"ఎల్‌సీ ఇయ్యి" అన్నాను.

పట్టీ ఊడిన చప్పుడు రాలేదు.

"ఎల్‌సీ ఇయ్యమంటి గదా!"

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"ముందుగాల ఒకటి చెప్పు. నల్ల తీగ యాడ కొడుతున్నవ్?"

"బాడీకి. ఎర్తింగు."

"ఎర్తింగు అంటే గీత దిక్కేనా?"

"గీతనే. ఇంకేముంటది?"

"మరి నువ్వు ఎల్‌సీ అన్నప్పుడల్ల నేను తీసే గీ లావు పట్టీ బాడీకి పోతది. గిది ఉన్నది సిలువ మీద."

నేను లేవబోయి స్టీరింగుకు నెత్తి కొట్టుకున్నాను. బయటికి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, బ్యాటరీ మీదికి వంగాను. లావు పట్టీ బాడీకి బోల్టుతో బిగించి ఉంది. రెండో కొస ఉన్న చోట సీసం మీద సిలువ గుర్తు, స్పష్టంగా. మెకానిక్కు పాత క్లాంపులు ఎలా ఉన్నాయో అలాగే పెట్టాడు. నేను ఒక్కసారీ చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లలో బాడీకి పోయేది ప్లస్సే. నేను భూమి అనుకున్నది భూమి కాదు, ఆకాశం.

"ఎన్నడు చూసినవ్?" అన్నాను.

"మొదటి దినమే."

"మరి చెప్పవా?"

"చెప్తే ఏమంటవు? 'నీకేమెరుక, పోయి సూది మందులిచ్చుకో' అంటవు."

"నేను గట్ల అననే అన."

"అన్నవ్. హారన్ పెట్టిన దినం అన్నవ్."

అన్నాను కాబోలు. హారన్ మోతలో ఏమేమన్నానో నాకు గుర్తు లేదు. ఆమెకు గుర్తుంది. హారన్‌కూ రెక్కలకూ కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే, అందుకే అవి ఆడి నన్ను మోసం చేశాయి. ఫ్యాను మాత్రం నిజం చెప్పింది. ఉల్టా కరెంటుకు ఉల్టా తిరిగింది. నేను దాని ముఖం అద్దం వైపు తిప్పి దాని నోరు నొక్కాను.

"అంటే ఫ్యాను మంచిదేనన్నట్టు!" అన్నాను.

ఇద్దరం ఒకేసారి బండిలో దూరాం. ఫ్యానును మామూలుగా తిప్పి బిగించాను, దాని రెండు తీగలూ మార్చాను. ఆమె పోయి పట్టీ పెట్టి, పరుగున వచ్చి, చాట ఒళ్లో పెట్టుకుని సీట్లో కూర్చుంది. మీట వేశాను. గాలి వచ్చింది! నేరుగా, ముఖం మీదికి. వచ్చిన గాలికి చాటలోని వెల్లుల్లి పొట్టంతా ఒక్కసారి లేచింది. బండి నిండా పొట్టు, మా నెత్తుల మీద పొట్టు, ఆమె కళ్లద్దాల మీద పొట్టు. ఆపు ఆపు అని ఆమె, ఉండనీ ఉండనీ అని నేను. తీగలు మళ్లీ మార్చి చూశాను, గాలి అటు పోయింది. మళ్లీ మార్చాను, ఇటు వచ్చింది. ఆమెకు నవ్వు ఆగక కడుపు పట్టుకుంది. ఎదురింటి ముసలాయన గోడ మీదుగా చూసి, ఇద్దరికీ ఏమో అయిందనుకుని, తన భార్యను కూడా పిలిచి చూపించాడు.

డెక్కు సంగతి అంత సులభం కాదు. దాని తీగలు మార్చితే చాలదు. డెక్కు ఇనుప డొప్ప కూడా దాని గీతకే కలిసి ఉంటుంది. బండి ఒళ్లేమో సిలువ. రెండూ తగిలితే మళ్లీ పొగే. ఈ మాట ఆమెకు చెబితే వెంటనే పట్టుకుంది.

"పంపకాలైన పాలోళ్లన్నట్టు. ఒక్క ఇంట్ల ఉండొచ్చు గని భుజం భుజం తాకొద్దు."

అలాగే చేశాను. డెక్కుకు పాత సైకిలు ట్యూబు కోసి చుట్టాను. చెక్క పెట్టె చేసి అందులో కూర్చోబెట్టాను. తీగలు మాత్రం పొడుగ్గా వదిలాను. లైన్‌మన్ ఎప్పుడూ తీగను పొట్టిగా కోయడు, కోస్తే తర్వాత ఏడుస్తాడు. పట్టీ పెట్టగానే కీర్తన మొదలైంది. ఆమె బానెట్ దగ్గర నిలబడి మొత్తం వింది. బాగుందని అనలేదు. గుడ్డ తెచ్చి అద్దం తుడిచింది.

పండుగ రోజు పొద్దున పాట పెట్టుకుని కరీంనగర్ దాటాం. దారి పొడుగునా జనం మంత్రి కాన్వాయి వచ్చినట్టు రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డారు. బర్రెలను కూడా లెక్కలో వేసుకుంటే ఈ మాట అబద్ధం కాదు. చొప్పదండిలో నేను కుడికి తిరగడానికి రెక్క లేపితే ఎదురుగా వచ్చే ఆటో అతను తన చెయ్యి ఎత్తి నమస్తే పెట్టాడు. నేను రెక్క దించితే చెయ్యి దించాడు. బండి ఎనభై మీద పోతోందని నేను నా భార్యకు చెప్పాను. పత్తి నింపుకున్న ట్రాక్టరు మమ్మల్ని దాటిపోతున్నప్పుడు చెప్పాను, అదే పొరపాటు.

"గా ట్రాక్టరు నూరు మీద పోతుందా మరి?" అంది.

ఫ్యాను ఆమె చెంగును ఎగరేస్తోంది. పాట నడుస్తోంది. ఆమె కాలి వేలితో తాళం వేస్తోంది, నేను చూడడం లేదనుకుని. ధర్మారం దాటాం. ఒకచోట రోడ్డుకు సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని తప్పించబోయి స్పీడు బ్రేకరు చూసుకోలేదు. బండి ఎగిరి పడింది. చెక్క పెట్టె ఊడి ఒక పక్కకు వాలింది. చిటుక్కుమంది.

పాట ఆగింది.

ఇంజను నడుస్తూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంత చప్పుడులోనూ ఆ ఆగడం ఎంత పెద్దగా వినబడిందో చెప్పలేను. బండిని పక్కకు తీసి ఆపాను. వంగి చూస్తే తెలిసింది. పెట్టెకు నేను కొట్టిన మేకు ఒకటి ట్యూబును చీల్చుకుని డెక్కు డొప్పను పట్టుకుంది, మేకు తల ఇనుప డ్యాష్‌బోర్డుకు తగిలింది. డెక్కు ఫ్యూజు పోయింది. మేకు నాదే. పెట్టె నాదే.

ఏదో ఒకటి చెప్పాలి. పాటకు పాటకు మధ్య ఖాళీ అనవచ్చు. పెన్‌డ్రైవ్ ఊపిరి తీసుకుంటోంది అనవచ్చు. మామూలుగా ఇలాంటివి నాకు నోటి చివర ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, హోటల్ ముందు సిమెంటు గద్దె మీద నిలబడ్డ బండిని చూస్తూ కూర్చున్నాను.

"పాట ఆగింది" అంది ఆమె.

"ఆగింది."

వడ్లు కాలితో దున్నుతున్న ఒక ఆడమనిషి మా వైపు చూసి, మళ్లీ తన పనిలో పడింది. నా భార్య తలుపు తెరిచి దిగింది. బస్సు కోసం చూస్తుందనుకున్నాను. ఆమె ముందుకు నడిచి, బానెట్ ఎత్తింది.

"ఎల్‌సీ కావాల్నా?" అని అడిగింది.

నేను స్టీరింగు మీద చేతులు తీయకుండా ఎత్తిన బానెట్ వంక చూశాను.

"ఓ లైన్‌మన్, నిన్నే. ఎండ కొడుతుంది. ఎల్‌సీ కావాల్నా, వద్దా?"

"ఇయ్యి" అన్నాను.

"ఇచ్చిన."

కొత్త ఫ్యూజు తెచ్చుకోలేదు గానీ జేబులో ఫ్యూజు తీగ ఉంది. అది లేకుండా నేను చర్చికి కూడా పోను. సన్నటి పోగు ఒకటి చుట్టాను. డెక్కును మళ్లీ ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే ఆమె వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. తువాల నాలుగు మడతలు పెట్టి ఒళ్లో వేసుకుని, దాని మీద డెక్కును కూర్చోబెట్టుకుంది. పొడుగు తీగలు ఆమె మోకాళ్ల దాకా హాయిగా వచ్చాయి.

"గిప్పుడు దేన్ని తాకదు. పోనియ్యి" అంది.

ఈసారి పట్టీ నేనే పోయి పెట్టి వచ్చాను. పాట వచ్చింది. కీర్తన ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి రాలేదు, నేను రహస్యంగా ఎక్కించిన సినిమా పాటల దగ్గర మొదలైంది. ఆమె నా వైపు తిరిగింది. నేను రోడ్డు వైపు చూశాను. ఆమె మార్చలేదు.

రాయపట్నం వంతెన మీదికి ఎక్కాం. కింద గోదావరి, పైన ఎండ, ముందు వెనక ఒక్క బండి లేదు. నాకు ఏమైందో, హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఎడమ రెక్క లేపాను, కుడి రెక్క లేపాను.

"ఎవరికి కొడుతున్నవ్?" అని అరిచింది ఆమె.

"గోదారికి!"

"పక్కకు జరుగుతదా?"

లక్షెట్టిపేట దగ్గర చాయ్ తాగుదామని ఆపితే ఆమె దిగలేదు. డెక్కును కదపనంది. కిటికీలోంచే గ్లాసు అందుకుని, ఒక చేత్తో డెక్కు పట్టుకుని, ఒక చేత్తో తాగింది. అక్కడి నుంచి టేకు చెట్లు మొదలయ్యాయి. జన్నారంలో వాళ్ల అక్క ఇంటి ముందు ఆగేసరికి పాట నడుస్తూనే ఉంది, ఇద్దరి ముఖాల నిండా ఎర్రదుమ్ము.

వదిన గేటు దగ్గరే నిలబడి ఉంది. వాళ్లిద్దరూ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. ఆమెకు పందెం సంగతంతా తెలుసు.

"ఏమే చెల్లె, ఒళ్లె గా డబ్బా ఏంది, పసిపిల్లను పట్టుకున్నట్టు?" అంది. తర్వాత నా వైపు ఒక చూపు చూసి అసలు మాట అడిగింది. "ఎక్కడన్న ఆగిందా మరి? అమ్ముడేనా?"

నేను తలుపు గొళ్లెం తీయబోతూ ఆగాను.

"ఆగుడా?" అంది నా భార్య. "కరీంనగర్‌ల మొదలుపెట్టింది, గిప్పటిదాక గుక్క తిప్పుకోలే. గోదారి వంతెన మీదనైతే మంది బండ్లాపి దిగి విన్నరు."

వంతెన మీద మేము తప్ప పురుగు లేదు. ఇన్నేళ్లుగా నేను కోతలు కోస్తూ వచ్చాను గానీ ఇంత నిబ్బరంగా, కనురెప్ప కదలకుండా ఎన్నడూ కోయలేదు. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

"నిజమేనా మరిదీ?" అంది వదిన. నా మాట మీద ఆమెకు ఎన్నడూ నమ్మకం లేదు, అయినా అడిగింది.

"ఒకామె వడ్లు ఆరబెట్టుడు ఆపి మరీ చూసింది వదినె" అన్నాను. నేను చెప్పింది మాత్రం నిజమే.

"అయితే ఆ హోటలోడికి లేదన్నట్టే."

"ఆని గద్దె మీద ఆన్నే కూసోమను" అంది నా భార్య. డెక్కును తువాలతో సహా ఎత్తి, కిటికీలోంచి అక్క చేతుల్లో పెట్టింది. "జర పట్టుకో. బండికి తాకనియ్యకు. నా కాళ్లు మొద్దుబారినయ్, దిగాలె."

వదిన దాన్ని అందుకుని ఇంట్లోకి పోబోయింది. తీగలు సాగినంత దూరం పోయి, బండి పక్కన సగం వంగి ఆగిపోయింది. చేతుల్లో సినిమా పాట గట్టిగా మోగుతోంది. పండుగకు తెల్ల చీరలు కట్టుకుని చర్చికి పోతున్నవాళ్లు దారిలో నిలబడి ఆమెనే చూస్తున్నారు.

"గిది ఎంతసేపు పట్టుకోవాలె మరిదీ?" అంది వదిన.

"పాట అయ్యేదాక వదినె" అన్నాను.

"ఎప్పుడైతది?"

పెన్‌డ్రైవ్ చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి అందుకుంటుందని ఆమెకు ఎవరు చెబుతారు? నేను నా భార్య వంక చూశాను, ఆమె నా వంక చూసింది, ఇద్దరం కాళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయాం.